ఏడో పత్రం: అసోసియేట్ ప్రొఫెసర్ పదోన్నతి దాకా నా అనుభవం

2019 ఆగస్టులో, అసిస్టెంట్ ప్రొఫెసర్ వేతనశ్రేణుల్లో ఆఖరిదైన లెవెల్ 12 ఉత్తర్వు అందుకోవడానికి వెళ్ళిన రోజున మా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంట్ గారు నా ఫైలుకు తాడు కట్టబోతూ ఆగి, "మేడమ్, దీని తరువాత అసోసియేట్ అండి. దానికి పరిశోధన పత్రాలు ఏడు కావాలి. ఇప్పటినుంచే చూసుకోండి" అన్నారు. ఆయన మాటలో వెటకారం లేదు. నా ఫైలులోని ప్రతి కాగితాన్నీ తిరగేసిన మనిషి కనుక, నేను తెలిసీ తెలియనట్టు తోసిపుచ్చుతున్న సంగతి ఆయనకు బాగా తెలుసు.

విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరినవారు ఖాళీలతోనూ కొత్త నోటిఫికేషన్లతోనూ నిమిత్తం లేకుండా, నిర్ణీత సర్వీసునూ అర్హతలనూ పూర్తిచేసుకుని పై మెట్టుకు వెళ్ళే పద్ధతిని కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ అంటారు. మాలో మేము మాత్రం 'క్యాస్' అనే అనుకుంటాం. 2018 జూలైలో యూజీసీ ప్రకటించిన నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ ఉన్నవారు లెవెల్ 10లో 4 ఏళ్ళు, 11లో 5 ఏళ్ళు, 12లో 3 ఏళ్ళు పూర్తిచేస్తే 13ఏకు, అంటే అసోసియేట్ ప్రొఫెసర్ హోదాకు, దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏళ్ళు వాటంతట అవే గడుస్తాయి. చిక్కంతా మిగతా షరతుల్లో ఉంది: పీర్ రివ్యూ, అంటే అదే రంగంలోని నిపుణుల సమీక్ష, జరిగే పత్రికల్లో గాని యూజీసీ జాబితాలోని పత్రికల్లో గాని మొత్తం 7 పత్రాలు రావాలి, వాటిలో కనీసం 3 ఆఖరి మూడేళ్ళలో వచ్చినవై ఉండాలి, కనీసం ఒక పీహెచ్‌డీ విద్యార్థికి మార్గదర్శకత్వం వహించిన రుజువు చూపాలి, ప్రచురణలకూ మార్గదర్శకత్వానికీ పాయింట్లు వేసి లెక్కకట్టే పరిశోధన స్కోరు 70కి తగ్గకూడదు. లెవెల్ 12 మూలవేతనం 79,800 రూపాయలతో మొదలైతే 13ఏ మూలవేతనం 1,31,400తో మొదలవుతుంది కనుక ఈ మెట్టు దగ్గర ఎంతటి నిబ్బరం గలవారికైనా గుండె కాస్త గట్టిగానే కొట్టుకుంటుంది.

ఆ రాత్రి రావులపాలెంలో ఇంటికి చేరి, అన్నాలయ్యాక, ఒక తెల్లకాగితం మీద నా పత్రాల జాబితా రాసుకున్నాను. పైకి లెక్కపెడితే అయిదు తేలాయి. 2011లో నా సిద్ధాంతగ్రంథం నుంచి తీసి రాసినది ఒకటి, 2015లో ఒక సహోద్యోగితో కలిసి రాసినది ఒకటి, ఒక సెమినార్ సంకలనంలో అధ్యాయంగా వచ్చినది ఒకటి, 2016లోనూ 2017లోనూ ఒకే పత్రికలో అచ్చయినవి రెండు. సంకలనంలోని అధ్యాయం పత్రం కిందికి రాదు, స్కోరులో దానికి వేరే పద్దు ఉంది. ఆ చివరి రెండింటి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా అనుభవంలో ఇతరులకు పనికొచ్చేది ఏదైనా ఉంటే దాని మొదలు అక్కడే ఉంది.

అప్పట్లో పదోన్నతి లెక్క, బోధనకూ పరిశోధనకూ వేసే ఎపిఐ పాయింట్ల మీద నడిచేది. పాయింట్లు తక్కువ పడతాయేమోనని నేను భయపడుతున్న రోజుల్లో ఒక పత్రిక నుంచి మెయిల్ వచ్చింది. నన్ను 'గౌరవనీయ ప్రొఫెసర్' అని సంబోధించి, పత్రం పంపితే వారంలోగా నిర్ణయం చెబుతామనీ, ప్రచురణ రుసుము 2,500 రూపాయలనీ రాశారు. పంపిన నాలుగో రోజున అంగీకారం వచ్చింది. నా పత్రంలోని ఒక పట్టికలో మొత్తం 100 శాతం రావలసిన చోట 112 వచ్చింది, అది అలాగే అచ్చయింది. దాన్ని ఎవరూ చదవలేదనడానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు. అయినా అచ్చయిన ప్రతి చేతికొచ్చినప్పుడు నాకు సిగ్గు వేయలేదు, ఒక పని తీరిందన్న ఊరట కలిగింది. మరుసటి ఏడాది రెండోది కూడా అక్కడికే పంపాను. 2017లో యూజీసీ విడుదల చేసిన ఆమోదిత పత్రికల జాబితాలో ఆ పత్రిక పేరు ఉండేది. 2018 మే నెలలో ఆ జాబితా నుంచి ఒక్కసారిగా 4,305 పత్రికలను తొలగించినప్పుడు దాని పేరు కూడా పోయింది.

తొలగించక ముందు అచ్చయినవి కనుక చెల్లుతాయని వాదించవచ్చుననీ, ఆనాటి జాబితా ప్రతిని జతచేస్తే సరిపోతుందనీ సెక్షన్‌లో ధైర్యం చెప్పారు. ఆ ధైర్యంతో మరో నాలుగు నెలలు గడిపాను. అయితే ఆ నాలుగు నెలలూ ఊరికే పోలేదు. ఆ సార్వా కోతల రోజుల్లో కొత్తపేట, ఆలమూరు, కపిలేశ్వరపురం మండలాల్లో 120 కౌలు కుటుంబాలను కలిసి, ఎకరాకు ఎన్ని బస్తాల మక్తాకు చేస్తున్నారు, పెట్టుబడి ఎక్కడ తెచ్చుకుంటున్నారు, కౌలు కార్డు చేతికి వచ్చిందా లేదా అని అడిగి నోటుపుస్తకాలు నింపుకున్నాను. 2011లో వచ్చిన చట్టం కింద కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చేవారు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చి, 11 నెలలకు చెల్లే పత్రం ఇస్తామంది, అయితే దానికి భూయజమాని సంతకం కావాలంది. మా డెల్టాలో ఆ సంతకం ఎంత బరువైనదో ఇక్కడ పుట్టి పెరిగినవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

2020 సంక్రాంతి సెలవుల్లో ఆ నోటుపుస్తకాల నుంచి పద్నాలుగు పేజీల పత్రం ఒకటి తయారుచేసి, విశాఖలో ఎన్నో ఏళ్ళు అర్థశాస్త్రం చెప్పి, పదవీ విరమణ తరువాత కొత్తపేటలో స్థిరపడిన మా మాస్టారి దగ్గరకు తీసుకువెళ్ళాను. కనుమ నాటి మధ్యాహ్నం, వీధి అరుగు మీద కూర్చుని, చేతిలో పెన్సిలుతో ఆయన చదవడం మొదలుపెట్టారు. భారతదేశం వ్యవసాయ ప్రధానమైన దేశమన్న వాక్యంతో నా పత్రం మొదలైంది. రెండో వాక్యంలో వ్యవసాయం దేశానికి వెన్నెముక అయింది. ఆ వెనుక ప్రణాళికల చరిత్ర, భూసంస్కరణలు, 70వ విడత జాతీయ నమూనా సర్వే ప్రకారమని ఒక పేరా. అయిదు పేజీలు తిరిగినా పెన్సిలు కాగితాన్ని తాకలేదు. నాకు లోపల సంతోషంగానే ఉంది. ఆరో పేజీలో ఒక వాక్యం కింద గీత గీసి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"ఇదేవిటమ్మా ఇది?" అన్నారు.

ఆలమూరు మండలంలో ఒక కౌలు రైతు నాతో అన్న మాట అది. "ఆయ్, కార్డు ఇస్తారండి. దానికి ఆసామి గారి సంతకం కావాలన్నారండి. సంతకం అడిగితే పొలమే ఇవ్వనన్నారండి." దాన్ని నేను ఇంగ్లీషులో రెండు ముక్కల్లో కుదించి, ఒక పట్టిక కింద ఉదాహరణలాగా పెట్టాను.

"అమ్మాయ్, నువ్వు వెళ్ళి కనుక్కొచ్చింది ఇక్కడ మొదలైంది. దీని ముందున్న అయిదు పేజీలూ ఎవరైనా రాస్తారు. ఇప్పటికే చాలామంది రాసేశారు కూడాను" అన్నారు మాస్టారు. తరువాత నా జాబితా అడిగి చూసి, 2016, 2017 పత్రాల దగ్గర ఆగి, "బయటినుంచి వచ్చే నిపుణుల్లో ఒకాయన సరిగ్గా ఈ రెండే తీసి చదివాడనుకో. ఆ 112 శాతానికి ఏం జవాబు చెబుతావు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రెంటినీ దరఖాస్తులో చూపకూడదని ఆ అరుగు మీదే నిర్ణయించుకున్నాను. నిబంధనల ప్రకారం అది అవసరం కాకపోవచ్చు. అయినా ఒక అసత్యాన్ని ఫైలులో మోసుకుంటూ తిరగడం కంటే కొత్తగా రాయడమే తేలికనిపించింది. తేలిక కాదని తరువాత తెలిసింది. మొత్తానికి చేతిలో రెండు పత్రాలు మిగిలాయి, రెండున్నరేళ్ళలో అయిదు రాయాలి.

అంతవరకు నా రాత పద్ధతి చాలామంది సహోద్యోగుల పద్ధతే. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన ఉంటుంది, దానికి తోడు పరీక్షలు, ప్రశ్నపత్రాలు, మూల్యాంకనం, విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే నాక్ బృందం వస్తుందంటే రాత్రింబవళ్ళు ఫైళ్ళు. అందుచేత రాతంతా వేసవి సెలవులకు అట్టేపెట్టుకునేదాన్ని. వేసవి వచ్చేసరికి ఇంట్లో ఒక పెళ్ళో, ఆవకాయో, పిల్లవాడి కౌన్సెలింగో ఉండేది. సెలవుల్లో ఒక వారం చిక్కినా, ఏడాది కిందట ఎక్కడ ఆపానో గుర్తుతెచ్చుకోవడానికే అది సరిపోయేది. సమయం దొరకడం లేదని నేను నిజాయితీగానే అనుకున్నాను. మార్చి 2020లో బస్సులు ఆగి, రావులపాలెం నుంచి రాజమహేంద్రవరం దాకా జొన్నాడ వంతెన మీదుగా రోజూ పోయివచ్చే రెండు గంటల పైచిలుకు సమయం ఒక్కసారిగా చేతికొచ్చినప్పుడు కూడా మొదటి మూడు వారాల్లో ఒక్క పేరా రాయలేకపోయాను. కొరత సమయానిది కాదని నాకు అప్పుడు అర్థమైంది.

మావారు అరటి గెలల వ్యాపారం చేస్తారు. మార్కెట్టుకు తెల్లవారుజామునే వెళ్ళాలి కనుక మా ఇంట్లో నాలుగింటికి దీపం వెలుగుతుంది. ఆయన వెళ్ళాక మళ్ళీ పడుకునే అలవాటు మానుకుని, నాలుగున్నర నుంచి ఆరింటిలోపు పత్రం తప్ప మరేదీ ముట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాను. ఫోను పక్కగదిలో ఉండాలి, మెయిల్ తెరవకూడదు, పాత పేరాలు దిద్దుకుంటూ కూర్చోకూడదు. రోజుకు రెండు వందల మాటలు రాస్తే చాలు. క్యాలెండరులో రాసిన రోజున ఒక చుక్క పెట్టేదాన్ని. మొదటి నెల పదకొండు చుక్కలు పడ్డాయి, ఆ పైన సగటున పదిహేడు పద్దెనిమిది. మానేసిన రోజుల గురించి బాధపడకుండా ఉండడం ఈ మొత్తం పద్ధతిలో నేను అన్నిటికంటే ఆలస్యంగా నేర్చుకున్న సంగతి. బస్సులు మళ్ళీ తిరిగాక కూడా ఈ గంటన్నర నిలిచింది. పగలు ఎవరైనా అడిగితే ఇచ్చేయవలసిన సమయాన్ని, తెల్లవారుజామున అడిగేవారే ఉండరు.

రెండో మార్పు భాషకు సంబంధించినది. పత్రం చివరికి ఇంగ్లీషులోనే పంపాలి, అందులో మరో మాట లేదు. అయితే నేను నేరుగా ఇంగ్లీషులో మొదలుపెట్టినప్పుడల్లా నా చేతికి వచ్చే వాక్యాలు నావి కావు, ఎన్నో ఏళ్ళుగా సిద్ధాంతగ్రంథాల్లో చదివి చదివి ఒంటబట్టిన వాక్యాలు. 'గమనించబడినది', 'కనుగొనబడినది' అనే ధోరణిలో నడిచే ఆ వాక్యాల్లో ఎవరు గమనించారో, ఎక్కడ కనుగొన్నారో ఉండదు. మాస్టారి సలహా మీద ముందుగా నోటుపుస్తకంలో తెలుగులో మూడు ప్రశ్నలకు జవాబు రాయడం మొదలుపెట్టాను: నేను ఏం తెలుసుకోవాలనుకున్నాను, ఎవరిని ఎలా అడిగాను, అడగకముందు తెలియనిది ఇప్పుడు ఏం తెలిసింది. మూడో దానికి రెండు వాక్యాల్లో జవాబు రాయలేకపోతే ఆ పత్రం ఇంకా పుట్టలేదన్నమాట. కౌలు కార్డుల పత్రానికి ఆ రెండు వాక్యాలు రాయడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. అవి ఇవి: "కార్డు అందకపోవడానికి కౌలుదారులకు చట్టం తెలియకపోవడం ప్రధాన కారణం కాదు. యజమాని సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం దక్కదన్న భయమే కారణం." కొందరు యజమానులు అదే భూమి మీద అప్పటికే తాము పంటరుణం తీసుకుని ఉండడం, ఒకే భూమి మీద బ్యాంకు ఇద్దరికి రుణం ఇవ్వడానికి వెనుకాడడం వంటివన్నీ ఆ రెండు వాక్యాలకు బలంగా వెనుక చేరాయి. ఆ తరువాత ఇంగ్లీషులో రాయడం నెల పని. వెన్నెముక పోయింది, మొదటి పేరాలోకి ఆలమూరు రైతు వచ్చాడు.

ఆ పత్రం మొదట పంపిన పత్రిక వారు తొమ్మిదో రోజున, సమీక్షకులకు పంపకుండానే, తమ పరిధిలోకి రాదని తిప్పిపంపారు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తరువాత ఆ పత్రిక గత రెండేళ్ళ సంచికలు తీసి చూస్తే వారు చెప్పింది నిజమే: పొలానికి వెళ్ళి మనుషులను అడిగి రాసిన పత్రం వాటిలో ఒక్కటీ లేదు, అన్నీ పెద్ద గణాంకాల మీద నమూనాలు కట్టినవే. పత్రికను ఎంచుకునే ముందు దాని విషయసూచికలను చదవాలన్న చిన్న సంగతి, పదేళ్ళు పాఠం చెప్పిన నాకు అప్పటిదాకా తోచలేదు. అప్పటినుంచి పత్రం రాయడానికి ముందే పత్రికను ఎంచుకుని, అందులో వచ్చిన నాలుగు పత్రాలను వాటి నిర్మాణం కోసమే చదవడం అలవాటు చేసుకున్నాను.

రెండో పత్రిక నాలుగు నెలల తరువాత ఇద్దరు సమీక్షకుల అభిప్రాయాలు పంపింది. మొత్తం 23 అభ్యంతరాలు. మొదటాయన మర్యాదస్థుడు. రెండో ఆయన మొదటి వాక్యంలోనే, ఈ 120 కుటుంబాలను రచయిత్రి ఎలా ఎంపిక చేశారో పత్రంలో ఎక్కడా లేదనీ, బంధువుల ఊళ్ళకు వెళ్ళి వచ్చినట్టుందనీ రాశారు. చదవగానే ఒళ్ళు మండింది. మండడానికి కారణం, అది నిజం కావడమే. కపిలేశ్వరపురం మండలంలో నేను వెళ్ళిన రెండు ఊళ్ళూ మా అమ్మ పుట్టింటి వైపువి. వారం ఆగి, మూడు నిలువు గడుల పట్టిక గీసుకుని, మొదటి గడిలో సమీక్షకుని మాటను ఉన్నదున్నట్టుగా, రెండో గడిలో నా జవాబును, మూడో గడిలో పత్రంలో ఏ పేజీలో ఏం మార్చానో రాశాను. ఎంపిక పద్ధతిని దాచకుండా చెప్పి, దానివల్ల ఈ ఫలితాలను డెల్టా మొత్తానికి వర్తింపజేయకూడదని ఒప్పుకున్నాను. అప్పుల్లో ఉన్న వ్యవసాయ కుటుంబాల శాతం దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ, 92.9 అని జాతీయ సర్వే చెప్పిన అంకెను నేను ఎక్కడ వాడినా, రాష్ట్ర సగటు మీ కౌలుదారుని గురించి ఏం చెబుతుందని ఆయన అడిగారు. ఆ అంకెను తీసేశాను. ఒక్క అభ్యంతరాన్ని మాత్రం అంగీకరించలేదు: రైతుల మాటలను తొలగించి అంకెలు మాత్రమే ఉంచమన్నారు. ఎందుకు తొలగించనో ఒక పేరాలో మర్యాదగా రాశాను. 2021 ఏప్రిల్‌లో పత్రం అచ్చయింది, రైతుల మాటలతో సహా. ఎవరో నాకు తెలియని ఆ రెండో సమీక్షకుడు, నా పత్రాన్ని నాకంటే శ్రద్ధగా చదివిన మొదటి మనిషి.

అదే ఏడాది మరో పత్రం నా పరిశోధక విద్యార్థితో కలిసి వచ్చింది. అతని అంశం అంబాజీపేట కొబ్బరి మార్కెట్టులో చిన్న రైతులకు ధర ఎలా నిర్ణయమవుతుందన్నది. పేర్ల వరుస గురించి అతను మొహమాటపడితే, పని అతనిది కనుక అతని పేరే ముందు పెట్టించాను. నిజానికి స్కోరు లెక్కలో ఇద్దరే రచయితలైతే ఒక్కొక్కరికీ పత్రం విలువలో 70 శాతం వస్తుంది, ఎవరి పేరు ముందున్నా తేడా లేదు. ఇద్దరిని మించితేనే ప్రధాన రచయితకు 70 శాతం, మిగతావారికి తలా 30 శాతం. ఇది తెలియక గురుశిష్యులు మనసులు కష్టపెట్టుకున్న సందర్భాలు నేను చూశాను. ఆ పత్రం మాకు మరోచోట చిక్కు తెచ్చింది. అతని సిద్ధాంతగ్రంథాన్ని సాఫ్ట్‌వేరుతో పరీక్షిస్తే ఇదివరకే అచ్చయిన రాతలతో సారూప్యత 27 శాతమని తేలింది. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం దాటితే సరిచేసి మళ్ళీ సమర్పించాలి. కుర్రవాడు ముఖం పాలిపోయి నా గదికి వచ్చాడు. నివేదిక తెరిచి చూస్తే అందులో అధికభాగం మా సొంత పత్రంలోని అధ్యాయమే. అది అతని సొంత ప్రచురణేనని నేను ధ్రువపత్రం రాసి ఇచ్చాక, దాన్ని మినహాయించి మళ్ళీ పరీక్షించారు. 2022లో అతనికి డిగ్రీ వచ్చింది.

2022 ఆగస్టుకు నా మూడేళ్ళు పూర్తయ్యేసరికి ఆ ఏడు మొదట్లో వచ్చిన మరి రెంటితో కలిపి ఆరు పత్రాలయ్యాయి. ఏడోది గోదావరి మధ్యనున్న లంక భూముల కౌళ్ళ మీద రాసినది. జనవరిలో పంపితే జూన్‌లో సమీక్షలు వచ్చాయి. పన్నెండు కుటుంబాలను మళ్ళీ కలిసి ఒక సందేహం తీర్చుకుంటే తప్ప జవాబు రాయలేను. జూలైలో వెళ్దామని తేదీ అనుకున్నాను. ఆ నెలలోనే గోదావరికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు, లంకలన్నీ నీళ్ళలో ఉన్నాయి. నేను కలవవలసిన మనుషులు పునరావాస కేంద్రాల్లో ఉన్నారు. అటువంటి వేళ పోయి, నిరుడు మక్తా ఎన్ని బస్తాలని అడగడానికి నాకు నోరు రాలేదు. సెప్టెంబరు చివరన వెళ్ళాను. వారిలో ముగ్గురి పొలాలు ఇసుక మేట వేసిపోయాయి, పత్రంలో దాని గురించి ఒక విభాగం చేర్చవలసి వచ్చింది. 2023 మార్చిలో అది అచ్చయింది.

ఫైలు కట్టడం వేరే విద్య, దాని గురించి క్లుప్తంగానే చెబుతాను. ఏటేటా ఇచ్చిన స్వీయ మదింపు నివేదికలు, కేటాయించిన తరగతుల్లో 80 శాతం పైన తీసుకున్నట్టు విభాగాధిపతి ధ్రువీకరణ, రిఫ్రెషర్ కోర్సు సర్టిఫికెట్, పరిశోధక విద్యార్థి డిగ్రీ నోటిఫికేషన్, ప్రతి పత్రానికీ ముఖచిత్రం, విషయసూచిక, పత్రిక గుర్తింపు సంఖ్య ఐఎస్ఎస్ఎన్ ఉన్న పుట. వీటికి తోడు, పత్రం అచ్చయిన నాడు ఆ పత్రిక, పాత జాబితా స్థానంలో వచ్చిన యూజీసీ కేర్ జాబితాలో ఉన్నట్టు చూపే పుటను అదే రోజున ముద్రించి పెట్టుకోవడం నన్ను చాలా తిప్పల నుంచి కాపాడింది, ఎందుకంటే పత్రికలు ఆ జాబితాలోకి వస్తూ పోతూ ఉండేవి, మంచి పత్రికల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు కూడా ఉండేవి. 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆ జాబితానే ఎత్తేసింది. ఇప్పుడు దరఖాస్తు చేసేవారికి ఆ కాగితం బెడద లేదు గాని, పత్రిక మంచిదా కాదా అన్న విచారణ పూర్తిగా వారి నెత్తినే పడింది. నాలుగు రోజుల్లో అంగీకారం పంపే పత్రిక ఏదైనా నా దృష్టిలో మాత్రం జాబితాలో ఉన్నా లేనట్టే.

స్కోరు నేనే లెక్కవేసుకున్నాను. సామాజిక శాస్త్రాల్లో పత్రానికి 10 చొప్పున, పత్రిక స్థాయిని బట్టి అదనంగా కలిసేవాటిని పక్కన పెడితే, ఒంటరిగా రాసిన అయిదింటికి 50, ఇద్దరు కలిసి రాసిన రెంటికి ఏడేసి చొప్పున 14, విద్యార్థి పీహెచ్‌డీకి 10, సంకలనంలోని అధ్యాయానికి 5. మొత్తం 79. గట్టెక్కినా, పెద్ద తేడాతో కాదు.

2024 ఫిబ్రవరిలో ఎంపిక కమిటీ కూర్చుంది. బయటినుంచి వచ్చిన ముగ్గురు నిపుణుల్లో ఇద్దరు బోధన గురించి, సిలబస్ గురించి అడిగారు. మూడో ఆయన నా 2021 పత్రం ప్రతిని ముందు పెట్టుకుని, పేజీలు తిప్పుతూ, "మీరు కౌలుదారులు 120 మందిని కలిశారు. మరి సంతకం పెట్టని ఆసాములను ఎంతమందిని కలిశారండి?" అని అడిగారు. పద్నాలుగు మందిని మాత్రమేనని, అధికశాతం హైదరాబాదులోనూ విదేశాల్లోనూ ఉన్నారని, కలిసిన పద్నాలుగు మందిలో తొమ్మిది మంది సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయాన్నే చెప్పారని అన్నాను. "ఆ తొమ్మిది మంది మాట పత్రంలో కనబడలేదే" అన్నారు. లేదండి, రాయలేదండి అని ఒప్పుకున్నాను. గదిలోంచి బయటికి వస్తూ, అది తప్పిపోయిన ప్రశ్నా లేక రాయవలసిన పత్రమా అని ఆలోచిస్తూ వచ్చానే గాని ఫలితం గురించి ఆలోచించలేదు.

ఉత్తర్వు మరో రెండు నెలలకు వచ్చింది. పదోన్నతి తేదీ 2022 ఆగస్టు కాదు, 2023 మార్చి. నిబంధన స్పష్టంగానే ఉంది: కనీస సర్వీసు ముగిసిన నాటికి మిగతా అర్హతలు కూడా ఉంటే ఆ తేదీ నుంచి, తరువాత ఎప్పుడో పూర్తయితే పూర్తయిన తేదీ నుంచి. 2016, 2017 పత్రాలను చూపించి ఉంటే ఆ ఏడు నెలలు దక్కేవేమో. మాస్టారి దగ్గర ఆ మాట అంటే ఆయన నవ్వి, అయిదు వేలు పెట్టి కొన్నదానికి ఏడు నెలల జీతం తేడా వడ్డీ కట్టావన్నారు.

ఉత్తర్వు నకలు తీసుకోవడానికి సెక్షన్‌కు వెళితే సూపరింటెండెంట్ గారు స్వీటు తిని, ఫైలుకు తాడు కడుతూ, "మేడమ్, దీని తరువాత ప్రొఫెసర్ అండి. పత్రాలు పది, స్కోరు నూటపది" అన్నారు. మార్చి 2026కు మూడేళ్ళు పూర్తవుతాయి. ఆ ఆదివారం నుంచి హైదరాబాదులోని ఆసాములకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. మొదటి ఆరుగురిలో నలుగురు మాట్లాడారు, ఒకాయన మాత్రం నేను ఏ కౌలుదారుని తరఫున ఫోను చేస్తున్నానో ముందు చెప్పమన్నారు.